గ్లాక్ కొని ఎనిమిది నెలలైనా గురి కుదరడం లేదా? ఇంట్లో ఖాళీ గన్‌తో, రేంజ్‌లో లెక్క రాసుకుంటూ చేసే ప్రాక్టీస్ ప్లాన్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు. గ్రీన్ కార్డ్ వచ్చాక గ్లాక్ 19 పిస్టల్ కొన్నారు. నెలకోసారి ఇండోర్ రేంజ్‌కి వెళ్లి వంద రౌండ్లు (తూటాలు) కాల్చి వస్తున్నారు. ఎనిమిది నెలలైనా బుల్లెట్లన్నీ టార్గెట్ మీద కిందకీ ఎడమకీ పోతున్నాయి. సరదాకీ ఇంటి రక్షణకీ రెండిటికీ పనికొచ్చే ప్రాక్టీస్ ప్లాన్ కావాలన్నారు. నేను టెక్సాస్‌లో పద్నాలుగేళ్లుగా కాలుస్తున్నాను. వారాంతాల్లో మ్యాచ్‌లకు వెళ్తాను, కొత్తవాళ్ల పక్కన నిలబడి నేర్పిస్తాను. నాకు పనిచేసినదీ, నేను నేర్పినవాళ్లకు పనిచేసినదీ చెప్తాను.

ముందు, ఇది చదివే మిగతా తెలుగువాళ్ల కోసం ఒక మాట. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ కొనడమే కాదు, రేంజ్‌లో అద్దె గన్ చేతిలోకి తీసుకోవడం కూడా ఫెడరల్ చట్టం కింద నేరం కావచ్చు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. స్నేహితులు రేంజ్‌కి తీసుకెళ్లి 'ఒక్కటి కాల్చు బాబాయ్' అంటే కాల్చేసి, ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టినవాళ్లను చూశాను. గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తుండగా అలాంటి పని అస్సలు వద్దు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఇక మీ సంగతి. కుడిచేతి వాటం వాళ్ల బుల్లెట్లు కిందకీ ఎడమకీ పోతున్నాయంటే తప్పు దాదాపు ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. గన్ ఇప్పుడు పేలబోతోందని మెదడుకి తెలుసు. ఆ చప్పుడుకీ, గన్ వెనక్కి తన్నే ఆ తన్నుకీ శరీరం ముందే సిద్ధమైపోయి, పేలడానికి కన్నుమూసి తెరిచేంత ముందే గన్ మూతిని కిందకి తోసేస్తుంది. ట్రిగ్గర్ వేలితో పాటు మిగతా నాలుగు వేళ్లూ బిగుసుకుంటాయి. సైట్స్ (గన్ పైన ముందూ వెనకా ఉండే గురి చూసే మిట్టలు) జరిపించుకోమని ఎవరో సలహా ఇచ్చారన్నారు కదా, వాటి జోలికి పోకండి. తప్పుని తప్పుతో సరిచేసినట్టవుతుంది. రేపు చెయ్యి కుదిరాక బుల్లెట్లు పైకీ కుడికీ పోతాయి.

నా మాట మీద నమ్మకం కుదరాలంటే ఒక పరీక్ష ఉంది. 9 ఎంఎం డమ్మీ రౌండ్లు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, ఒక ప్యాకెట్ కొనండి. ఈసారి రేంజ్‌కి వెళ్లేటప్పుడు గన్ వాడడం తెలిసిన స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లి, మీరు చూడకుండా మ్యాగజైన్‌లో (రౌండ్లు పేర్చే పెట్టెలో) అసలు రౌండ్ల మధ్య రెండు మూడు డమ్మీలు కలిపి పెట్టమనండి. మీ చేతుల్ని పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయమనండి. ప్లేనోలో ఒకావిడకి ఇలాగే చేశాను. మూడు రౌండ్లు మామూలుగా పేలాయి. నాలుగోది డమ్మీ. 'టిక్' మని చిన్న శబ్దం తప్ప ఇంకేమీ లేదు, కానీ గన్ మూతి ఒక్కసారిగా రెండంగుళాలు కిందకి వంగింది. ఆవిడ గన్ బల్ల మీద పెట్టేసి 'నేనే తోస్తున్నానా అండీ?' అని వీడియో నాలుగుసార్లు చూసుకున్నారు. ఆరు నెలలుగా ఆవిడ గన్‌ని అనుమానించారు. ఆ సాయంత్రం ఇంకో యాభై రౌండ్లు కాల్చాలనుకున్నవారు, ఇరవైతో ఆపేసి ఇంటికెళ్లి ఖాళీ గన్‌తో మొదలుపెట్టారు. సరైన నిర్ణయం అది.

ఎందుకంటే తన్నుకి భయపడే అలవాటుని ఇంకా ఎక్కువ కాల్చి పోగొట్టలేం. ప్రతి రౌండ్‌తోనూ ఆ అలవాటు ఇంకాస్త గట్టిపడుతుంది. చప్పుడు లేని చోట, తన్ను లేని చోట, వేలికి వేరే అలవాటు నేర్పాలి. దీన్నే డ్రై ఫైర్ అంటారు. సినిమాల వల్లో ఏమో, మనవాళ్లకి ప్రాక్టీస్ అంటే డబ్బాలు డబ్బాలు కాల్చడం అనే అభిప్రాయం ఉంది. కిందటిసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు మా మేనకోడలు ఎయిర్ పిస్టల్ నేర్చుకునే చోటికి వెళ్లాను. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు పెల్లెట్ పెట్టకుండానే పిస్టల్ ఎత్తడం, గురి నిలపడం, ట్రిగ్గర్ నొక్కడం, దించడం, మళ్లీ ఎత్తడం చేస్తున్నారు. నేను చూసినంతసేపూ అదే. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లే, మన చొక్కా గుండీ అంత. 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్ మన హైదరాబాద్ అమ్మాయే. ఆ ఆటకి పునాదే ఈ పేలని ప్రాక్టీస్.

మీకు నేను చెప్పేది వారానికి నాలుగు రోజులు, రోజుకి పది నిమిషాలు. అంతకు మించి వద్దు. పదిహేనో నిమిషానికి ధ్యాస పోతుంది, ధ్యాస పోయాక చేసేది చెడు అలవాటే అవుతుంది.

మొదలుపెట్టే పద్ధతి మాత్రం పూజలాగా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మ్యాగజైన్ తీసేయండి. స్లైడ్ (గన్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి, పేలబోయే రౌండ్ కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. మళ్లీ ఇంకోసారి చూడండి. రౌండ్లన్నీ, లోడ్ చేసిన మ్యాగజైన్లతో సహా, వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. గురి పెట్టే గోడ బయటి ఇటుక గోడ అయ్యుండాలి. ఇక్కడి ఇళ్ల లోపలి గోడలు డ్రైవాల్ అట్టలు, బుల్లెట్‌ని ఆపవు. గోడ అవతల పిల్లల గది ఉంటే ఆ వైపు ఖాళీ గన్ కూడా తిప్పకండి. ఫోన్‌కి కాల్స్ రాకుండా పెట్టండి. గన్ శిక్షణలో పేరున్న జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు భద్రతా సూత్రాలు మీకు క్లాసులో చెప్పే ఉంటారు. ప్రతి గన్నూ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి, పోగొట్టుకోవడానికి సిద్ధంగా లేని దేనివైపూ మూతి తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, టార్గెట్ ఏమిటో దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. డ్రై ఫైర్‌లో కూడా నాలుగూ వర్తిస్తాయి.

నాకు జరిగింది చెప్తాను. మొదటి ఏడాదిలో ఒక రాత్రి ప్రాక్టీస్ ముగించి, మ్యాగజైన్ ఎక్కించి, చాంబర్‌లోకి రౌండ్ తెచ్చి, సేఫ్‌లో పెట్టబోతుండగా ఇండియా నుంచి అమ్మ ఫోన్. మాట్లాడి వచ్చాను. గన్ బల్ల మీద ఉంది. ఇందాక చివరిది సరిగ్గా కుదరలేదు, ఇంకొక్కసారి అనిపించింది. ఎత్తాను, గురి పెట్టాను. చేతిలో బరువు తేడాగా అనిపించి దించాను. స్లైడ్ కొంచెం లాగితే చాంబర్‌లో ఇత్తడి మెరిసింది. గోడ అవతల మా ఆవిడ నిద్రపోతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రాక్టీస్ ముగియగానే 'అయిపోయింది' అని పైకి అంటాను, గోడ మీది కాగితం పీకేస్తాను, గన్ సేఫ్‌లో పెట్టి గదిలోంచి బయటికి వచ్చేస్తాను. ఆ మాట అన్నాక 'ఇంకొక్కసారి' ఉండదు. మీరూ ఇలాగే చేయాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

పది నిమిషాల్లో ఏం చేయాలంటే, మొదటి మూడు నిమిషాలు టార్గెట్టే వద్దు. ఆ ఇటుక గోడ వైపే, గన్ మూతి గోడకి అంగుళం దూరంలో ఉంచి, ముందు సైట్ మీద చూపు నిలిపి ట్రిగ్గర్ నొక్కండి. గ్లాక్‌లో ప్రతిసారీ స్లైడ్ కొద్దిగా వెనక్కి లాగితేనే ట్రిగ్గర్ మళ్లీ సెట్ అవుతుంది, అదేం ఇబ్బంది కాదు. 'టిక్' అన్న క్షణంలో సైట్ కదిలిందా లేదా, అదొక్కటే చూడండి. కుడిచేత్తో గన్‌ని పిసకకండి. ఎడమచెయ్యి గట్టిగా పట్టుకోవాలి, కుడిచేతి వేలు స్వేచ్ఛగా కదలాలి. ఇంకాస్త కష్టం కావాలంటే ఇంట్లో మిగిలిపోయిన పాత రూపాయి బిళ్ల ఒకటి ముందు సైట్‌కి వెనకగా స్లైడ్ మీద పెట్టండి. బిళ్ల పడకుండా పదిసార్లు నొక్కగలిగితే మీ సమస్య సగం తీరినట్టే. బిళ్ల మీరే ఎడమచేత్తో వెనకనుంచి పెట్టుకోవాలి. ఎవరినీ గన్ ముందుకి పిలిచి పెట్టించుకోవద్దు.

తర్వాత అయిదు నిమిషాలు గోడ మీద మూడంగుళాలకి అయిదంగుళాల ఇండెక్స్ కార్డ్ ఒకటి అంటించి, నాలుగైదు గజాల దూరంలో నిలబడండి. గన్ మూతి కిందకి, వేలు బయట. అక్కడినుంచి ఎత్తి, సైట్ కార్డ్ మీద నిలిచాక ఒక్కసారి నొక్కండి. ఫోన్‌లో టైమర్ యాప్ పెట్టుకుంటే మొదటి బీప్‌కీ రెండో బీప్‌కీ మధ్య మూడు సెకన్లు ఇవ్వండి. వారాలు గడిచేకొద్దీ రెండుకి, ఒకటిన్నరకి తగ్గించండి. తొందరపెడితే సైట్ కదులుతుంది. కదిలినన్నాళ్లూ టైమ్ తగ్గించకండి. చివరి రెండు నిమిషాలు డమ్మీలతో మ్యాగజైన్ మార్చడం, రౌండ్ ఇరుక్కున్నప్పుడు మ్యాగజైన్ కింద ఒక దెబ్బ కొట్టి స్లైడ్ లాగడం. ఇది చేతులకి పట్టాలి, ఆలోచనతో చేసే పని కాదు.

రేంజ్‌కి నెలకి రెండుసార్లు వెళ్లండి, ప్రతిసారీ యాభై అరవై రౌండ్లే. వంద రౌండ్లకి పెట్టే ఖర్చే రెండు భాగాలవుతుంది, ఫలితం ఎక్కువ ఉంటుంది. బి-8 అనే టార్గెట్ కొనండి. మధ్యలో అయిదున్నర అంగుళాల నల్లటి వలయం ఉంటుంది. లోపలికి వెళ్లగానే, చెయ్యి ఇంకా వేడెక్కకముందే, ఏడు గజాల దూరంలో అయిదు రౌండ్లు కాల్చండి. ఎంత టైమైనా తీసుకోండి. యాభైకి ఎన్ని పాయింట్లు వచ్చాయో, తేదీతో సహా ఆ కాగితం మీదే రాసి ఇంటికి తెచ్చుకోండి. ఈ మొదటి అయిదూ మీ అసలు స్థాయి. అరగంట కాల్చాక వచ్చే మంచి గుంపు చూసి మురిసిపోవడం సహజమే, కానీ అవసరం వచ్చిన రోజు ఎవరూ మనకి అరగంట వార్మప్ ఇవ్వరు.

ఆ తర్వాత ఇరవై రౌండ్లు డమ్మీలు కలిపి. 'టిక్' అన్నప్పుడు గన్ కదలకపోతే మంచిది. కదిలితే వెంటనే అయిదుసార్లు ఖాళీగా నొక్కి, అప్పుడు అసలు రౌండ్‌కి వెళ్లండి. డమ్మీలు కలపని సమయంలో 'టిక్' మని పేలకపోతే మాత్రం గన్‌ని టార్గెట్ వైపే పట్టుకుని అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తర్వాత అయిదు గజాల్లో ఇండెక్స్ కార్డ్ మీద, కింద నుంచి ఎత్తి ఒక్కొక్కటీ, పదిహేను రౌండ్లు. కుడిచేతి ఒక్కదానితో అయిదు, ఎడమచేతి ఒక్కదానితో అయిదు. చివర మళ్లీ బి-8 మీద నిదానంగా అయిదు. చెయ్యి వణకడం మొదలైతే, మిగిలిన రౌండ్లు డబ్బాలో పెట్టి వచ్చేయండి. ఉన్నాయి కదా అని కాల్చేయకండి.

హోల్‌స్టర్ (నడుముకి పెట్టుకునే గన్ ఒర) నుంచి తీసి కాల్చడం, వేగంగా కాల్చడం చాలా ఇండోర్ రేంజ్‌ల్లో ఒప్పుకోరు. మీకు ఇప్పుడే అది అక్కర్లేదు కూడా. మూడు నెలల తర్వాత డాట్ టార్చర్ అనే డ్రిల్ మొదలుపెట్టండి. ఒక కాగితం మీద రెండంగుళాల చుక్కలు పది, మొత్తం యాభై రౌండ్లు, మూడు గజాల దూరం. కొన్ని చుక్కలు నిదానంగా, కొన్ని ఒంటిచేత్తో, కొన్ని ఒకదాని తర్వాత ఒకటి, చివరి రెండింటి మధ్య మ్యాగజైన్ మార్చి. హోల్‌స్టర్ అన్నచోట కింద నుంచి ఎత్తండి. యాభైకి యాభై వచ్చేదాకా మూడు గజాలు దాటకండి. మూడు గజాలే కదా అనుకుంటారు, మొదటిసారి నాకు ముప్ఫై ఏడు వచ్చాయి.

టెక్సాస్ ఎల్‌టీసీ, అంటే గన్ వెంట తీసుకెళ్లే లైసెన్స్ కోసం పెట్టే షూటింగ్ పరీక్ష గురించి కూడా అడిగారు. 3, 7, 15 గజాల్లో యాభై రౌండ్లు, 250కి 175 వస్తే పాస్. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ అర్హత ఉన్న 21 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ లేకుండానే గన్ వెంట తీసుకెళ్లే వీలుంది కాబట్టి చాలామంది ఆ క్లాసు మానేస్తున్నారు. మానకండి. ఎప్పుడు గన్ తీయకూడదో చట్టం ఏమంటుందో కూర్చోబెట్టి చెప్పే నాలుగు గంటలు అవి. పాసవడం మాత్రం కనీస స్థాయి, అది వచ్చాక ప్రాక్టీస్ ఆపేయకూడదు.

ఇంటి రక్షణ సంగతికి వస్తే, మీరు రాసిన దాంట్లో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. 'వచ్చే నెల అత్తయ్య, మామయ్య ఆరు నెలలకి వస్తున్నారు' అన్నారు. ఇండియా నుంచి దిగిన మొదటి రెండు వారాలు వాళ్లకి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. మామయ్య చీకట్లో లైట్ స్విచ్ ఎక్కడుందో తెలియక తడుముకుంటూ కిందకి దిగుతారు. కాఫీ కోసం వంటింట్లో గిన్నెలు కదులుతాయి. వెనక తలుపు తీసి పెరట్లో నడుస్తారు, అలారమ్ మోగుతుంది. మీకు పైన మెలకువ వస్తుంది. గుండె దడదడలాడుతూ, నిద్రమత్తులో, చీకట్లో మీ చేతిలో గన్ ఉంటే ఏమవుతుందో ఊహించండి.

అందుకే ఇంటి కోసం మీరు చేయాల్సిన మొదటి డ్రిల్‌లో గన్ లేదు. నిద్రలేచి ఒక చేత్తో టార్చ్, ఒక చేత్తో ఫోన్ తీసుకోవడం. గట్టిగా, తెలుగులో, 'ఎవరది?' అని అరవడం. ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారో లెక్క పెట్టుకోవడం. ఇది నెలకోసారి మీరూ మీ ఆవిడా నిజంగా చేసి చూడండి. పిల్లల్ని ఎవరు తెస్తారు, అందరూ ఏ గదిలో చేరాలి, 911కి ఎవరు ఫోన్ చేస్తారు, అడ్రస్ ఎలా చెప్తారు. అత్తయ్య, మామయ్యలకి కూడా ఈ మాట చెప్పి, రాత్రి దారి పొడవునా చిన్న ప్లగ్ లైట్లు పెట్టండి. అందరూ ఒక గదిలో చేరాక తలుపు వేసుకుని ఉండాలి. దొంగని వెతుక్కుంటూ ఇల్లంతా తిరగడం పోలీసులకే ప్రమాదం, మీకు అసలు వద్దు. అవతల ఉన్నది ఎవరో లైట్ వేసి ముఖం చూడకుండా గన్ ఎత్తే అలవాటు చేతికి రానివ్వకండి.

దీనికి డ్రై ఫైర్‌లో ఒకటి కలపండి. నాలుగు కాగితాలు తీసుకుని రెండింటి మీద ఫోన్ అని, రెండింటి మీద కత్తి అని రాసి బోర్లించి కలిపేయండి. చూడకుండా ఒకటి గోడకి అంటించి, దాని మీద ఇంకో కాగితం కప్పి, గది చీకటి చేయండి. ఎడమచేత్తో పై కాగితం లాగి, టార్చ్ వేసి, చదివాకే నిర్ణయించుకోండి. సగంసార్లు సరైన సమాధానం గన్ కిందే ఉంచి గట్టిగా మాట్లాడటం. నొక్కకుండా ఉండటం కూడా ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది. ఒంటిచేతి ప్రాక్టీస్‌కి పది పౌండ్ల సోనా మసూరి సంచి చంకనెత్తుకుని ఖాళీ గన్‌తో చేయండి, చిన్నపిల్ల చేతిలో ఉంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

గన్ ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. బీరువాలో చీరల కింద, పైన అటక మీద, ఇవన్నీ దాచడం కిందకి వస్తాయి, భద్రం కిందకి రావు. పిల్లలకి ఇంట్లో తెలియని చోటు ఉండదు, సర్దే అలవాటున్న అత్తయ్యలకి అసలే ఉండదు. నంబర్ నొక్కితే తెరుచుకునే చిన్న సేఫ్ కొని మంచానికో గోడకో బోల్ట్ చేయండి. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అది నేరం. ఇంకో మాట, ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉంటే, మీరే అయినా సరే, ఆ రోజులు గడిచేదాకా గన్‌ని ఇంట్లోంచి పంపించేయండి. మాట్లాడటానికి 988 అనే మానసిక సంక్షోభ సహాయ నంబర్ ఉంది. మొహమాటపడకండి.

సరదా భాగం నాకు చాలా ఇష్టమైన భాగం. చిన్న, సన్న తూటా వాడే .22 పిస్టల్ ఒకటి కొనుక్కోండి. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు ఉండదు, రౌండ్లు చవక. మీ తన్ను భయానికి మందు కూడా అదే. స్టీల్ చాలెంజ్ మ్యాచ్‌లలో .22 వాళ్లకి హోల్‌స్టర్ అక్కర్లేదు, గన్ కిందకి పట్టుకునే మొదలుపెట్టొచ్చు. అయిదు ఇనుప పలకలు, చివరిది కొడితే టైమ్ ఆగుతుంది. పలక మోగినప్పుడు వచ్చే ఆ 'ఠంగ్' శబ్దం పెద్దవాళ్లని కూడా పిల్లల్ని చేస్తుంది. మొదటిసారి ఊరికే చూడటానికి వెళ్లండి. 'నేను కొత్త' అని చెప్తే అక్కడివాళ్లు పక్కన నిలబడి నేర్పిస్తారు, నాకు అలాగే నేర్పారు. కాస్త ధైర్యం వచ్చాక యూఎస్‌పీఎస్‌ఏ, ఐడీపీఏ అనే సంస్థల పిస్టల్ మ్యాచ్‌లు చూడొచ్చు.

చెవులకి ఇండోర్‌లో లోపల ప్లగ్, పైన మఫ్, రెండూ పెట్టుకోండి. ఒక్కటే పెట్టుకోవడం వల్ల కూడా ఉలికిపాటు పెరుగుతుంది. రేంజ్ గాలిలో సీసం ఉంటుంది. బయటికి రాగానే చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులూ ముఖమూ కడుక్కోండి, అప్పటిదాకా ఏమీ తినకండి. ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. బూట్లు గరాజ్‌లోనే వదలండి.

మొదటి నెల పైన చెప్పిన రెండు రేంజ్ రోజులూ అయ్యాక, ఆ మొదటి అయిదు రౌండ్ల కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. డమ్మీ రౌండ్ వీడియో కూడా. అవి చూశాక రెండో నెలకి ఏం మార్చాలో చెప్తాను.